ఆర్విల్లా చూడని సగం

సాయంత్రం ఐదున్నర దాటింది. బయట మంచూ వానా కలిసి అడ్డంగా కొడుతున్నాయి. పొద్దున షిఫ్టుకి ముందు మింగిన రెండు గుడ్లు తప్ప నా కడుపులో ఏమీ లేదు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చెడిపోయి అప్పటికి నాలుగు రోజులు. కాలేజీ జిమ్ వెచ్చగా ఉంటుంది, అక్కడ కైమా బన్నులు అమ్ముతారు. ఆ రెండింటి కోసమే లోపలికి వెళ్లాను. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోసం కాదు.

బన్నుల దగ్గర వరస గుమ్మం దాకా ఉంది. తర్వాత చూద్దాంలే అని గ్యాలరీలో ఖాళీగా కనిపించిన చోట కూలబడ్డాను. ఆట మొదలైంది. చుట్టూ అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. పక్కనున్న ముసలామె నా భుజం మీద వేలితో పొడిచింది.

"లేవయ్యా. మనవాళ్లు మొదటి బాస్కెట్ వేసేదాకా ఇక్కడ ఎవరూ కూర్చోరు."

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నానండీ. పంది మాంసం ఫ్యాక్టరీలో కోత పని."

"నాకు డెబ్బై దాటాయి. ఈ తుంటి ఎముక దేవుడిచ్చింది కాదు, డాక్టరు పెట్టింది. నేను నిలబడలా?"

లేచాను. కాసేపయ్యాక ఆమె అడిగింది. "పడిందా?"

"ఏంటి?"

"బంతి. మనది. పడిందా?"

చూస్తే ఆమె ముఖం ఆట జరుగుతున్న వైపు లేదు. పదిమంది పిల్లలూ అటు చివర బాస్కెట్ కింద తోసుకుంటుంటే, ఈమె ఇటు చివర ఎవరూ లేని చెక్క నేలను చూస్తోంది. చూపు కూడా లేదేమో పాపం అనుకున్నాను.

"ఇప్పుడే పడింది" అన్నాను.

"హమ్మయ్య" అని కూర్చుంది. సంచీలోంచి పంది మాంసం పెట్టిన రొట్టె తీసి, సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. "తిను. నీ కడుపు అరుపులకి రెఫరీ ఈల వినపడట్లేదు నాకు."

ఆమె పేరు ఆర్విల్లా. చూపు బ్రహ్మాండంగా ఉందని ఆ పూటే తెలిసింది. బంతి ఎదుటివాళ్ల చేతిలోకి వెళ్లి పిల్లలందరూ మా బాస్కెట్ వైపు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె ముందుకు వంగింది. సీటు కింద ఆమె బూట్లు పక్కకీ పక్కకీ జరుగుతున్నాయి. "ఎడమ! ఎడమ ఇయ్యకు దానికి! ఇచ్చేశావ్, మొద్దు మొహమా!" అని అరుస్తోంది. బంతి మళ్లీ అటు వెళ్లగానే వెనక్కి వాలి కాఫీ ఫ్లాస్కు మూత తిప్పింది.

మా ముందు వరసలో గోర్డీ అని, రిటైరైన పోస్ట్‌మన్, ఎప్పుడూ ఉంటాడు. అతను వెనక్కి తిరిగి నాతో అన్నాడు: "ఈవిడ ఇరవై ఏళ్లుగా వస్తోంది. మన టీము ఒక్క బాస్కెట్ వేయగా చూళ్లేదు. ఓడిపోయేది మాత్రం మొత్తం చూసింది."

"నువ్వు ఉత్తరాలు తప్పు ఇళ్లల్లో వేసేది కూడా చూశాను, ముందుకు తిరుగు" అంది ఆర్విల్లా.

అలా అంటుకుంది నాకు ఈ పిచ్చి. ఫర్నేసు బాగైనా మానలేదు. మా జట్టు పేరు కొంగలు. మేం ఆడే లీగుని కాన్ఫరెన్స్ అంటారు, అందులో పది కాలేజీలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రతి కాలేజీతో రెండు ఆటలు, ఒకటి మా ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. పట్టికలో మొదటి నాలుగు జట్లకే చివర టోర్నమెంటు ఉంటుంది. పరాయి ఊళ్లో ఆటలకి అభిమానులంతా చందా వేసుకుని ఒక బస్సు మాట్లాడుకుంటాం. ఆ బస్సులో సగం మంది వితంతువులు, మిగతా సగం వాళ్లని చూసి నవ్వుకునే గోర్డీ లాంటివాళ్లు. కిటికీ బయట కోసేసిన మొక్కజొన్న మోళ్ల మీద మంచు తప్ప మరేమీ ఉండదు. ఆ దారుల్లోనే ఆర్విల్లా తన సంగతులు కొంచెం కొంచెంగా చెప్పింది.

ఆమె చిన్నప్పుడు మా రాష్ట్రంలో ఆడపిల్లల ఆట వేరే రకం. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డులు ఒక సగంలో, ముగ్గురు గార్డులు రెండో సగంలో. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఆడపిల్లలు కోర్టు మొత్తం పరుగెడితే గుండె ఆగి చస్తారని ఏ పెద్దమనిషికో తోచిందట. ఫార్వర్డులే బాస్కెట్‌లో వేయాలి. గార్డులు ఆపాలి, బంతి లాక్కోవాలి, గీత దాకా తెచ్చి అవతలికి ఇచ్చేయాలి. ఇచ్చాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకోవాలి.

ఆర్విల్లా గార్డు. హైస్కూలు నాలుగేళ్లూ ఆడింది, ఆటలో ఒక్కసారి కూడా బాస్కెట్ వైపు బంతి విసరలేదు. వాళ్ల అక్క ఇనెజ్ అదే జట్టులో ఫార్వర్డు. ఊరంతా ఇనెజ్‌ని ఎత్తుకుని తిరిగేవారు. మంగలి షాపులో ఫొటో, పేపర్లో పేరు. గార్డులకి పేపర్లో పేరు పక్కన ఫౌళ్లు ఎన్నో అంతవరకే వేసేవారు.

"అక్క వేస్తుంటే చూసేవారు కారా?" అని అడిగానొకసారి.

"చూసి ఏం చెయ్యను? అటు నాకేం పని? నా మనిషి, అదే నేను ఆపాల్సిన ఎదుటి జట్టు పిల్ల, నా పక్కనే నిలబడి ఉండేది కదా. బంతి తిరిగొచ్చేలోపు దాని నడుం ఎటు వాలుతోందో కనిపెట్టాలి. ఆ అలవాటే ఇది. ఇప్పుడు ఆ మనిషి లేకపోయినా అక్కడే చూస్తాను."

"ఇంతకీ మీ అక్కయ్య ఎక్కడుంటారు?"

"మిన్నెసోటాలో, పెద్ద సరస్సు దగ్గర. దాని ఇంట్లో గోడకి ఇప్పటికీ ఆ ఫొటోలే. దాని కథ దానికే చెప్పుకుంటూ బతుకుతోంది. హేచరీలో కోడిపిల్లల పెట్టెల మధ్య పడుకుంటా గానీ దాని ఇంట్లో మాత్రం ఒక్క పూట ఉండను."

హేచరీలోనే పని చేసింది ఆమె, ఒళ్లు సహకరించినన్నాళ్లూ. భర్త మెర్లిన్ పాల ట్యాంకరు నడిపేవాడు. పిల్లల్లేరు. మెర్లిన్ పోయాక గ్యాలరీలో తన పక్కన అతని సీటులో ఎవరినీ కూర్చోనిచ్చేది కాదని గోర్డీ చెప్పాడు. నేను ఆ రోజు ఆకలి మీద అడక్కుండా కూర్చున్నానట. లేవమన్నది అందుకో, నిజంగా నిలబడడానికో, తర్వాత ఎప్పుడూ అడగలేదు.

తర్వాతి శరత్కాలంలో మా జట్టులోకి డెలేనీ వచ్చింది. నెబ్రాస్కా పడమటి వైపు, పశువులు తప్ప మనుషుల్లేని చోటు నుంచి. వాళ్లమ్మ లారీ నడుపుతుంది, ఏ రోజు ఏ రాష్ట్రంలో ఉంటుందో ఆమెకే తెలీదు. మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. దూరం నుంచి వచ్చిన ఆటగత్తెలకి ఊళ్లో ఒక్కో ఇల్లు అప్పజెబుతారు. ఆదివారం భోజనం ఆ ఇంట్లో, బట్టలు ఉతుక్కోవడం ఆ ఇంట్లో. డెలేనీ ఆర్విల్లా వంతుకి వచ్చింది.

మొదటి ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను, వర్షపు నీళ్ల గొట్టం ఊడిపోతే బిగించడానికి. ఆ పిల్ల పొడుగ్గా, నోట్లో మాట లేకుండా, మురికి బట్టల సంచీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆర్విల్లా బీన్స్, కైమా వేసి కారంగా ఉడికించిన కూర గిన్నె ముందు పెట్టింది. పక్కన దాల్చినచెక్క పంచదార చుట్టిన తీపి రొట్టె.

"ఏ స్థానం ఆడతావ్?"

"ఎక్కడ పెడితే అక్కడండీ. ఎక్కువ బెంచీ మీదే."

"ఎందుకు?"

"షూటింగ్ బాలేదని కోచ్ అన్నాడు."

ఆర్విల్లా ముఖంలో ఒక వెలుగు వచ్చింది. "వెయ్యడానికి బోలెడు మంది దొరుకుతారు" అంది. "తినేసి బయటికి రా."

గ్యారేజీ ముందు సిమెంటు మీద, తుంటి పట్టుకుని, ఆ వయసులో అడుగు ఎలా జరపాలో చూపించింది. నన్ను బంతితో ఎదురు నిలబెట్టింది. నేను కుడికి వెళ్లబోతున్నట్టు కళ్లు తిప్పాను, ఆ పిల్ల మోసపోయింది.

"కళ్లు చూడకే పిల్లా. కళ్లు దొంగవి, చేతులు దొంగవి. బొడ్డు చూడు. మనిషి ఎటు వెళ్లాలన్నా బొడ్డుని వదిలిపెట్టి వెళ్లలేడు. ముఖ్యంగా ఈ వెండెల్."

నా పొట్ట చూసి ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. నెల తిరిగేసరికి "అమ్మమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

మొదటి ఏడాది బెంచీ మీదే. రెండో ఏడు ఆట చివర్లో దింపేవారు. మూడో ఏడాది, అంటే పోయిన చలికాలం, జనవరి మొదటి ఆటకే అయిదుగురిలో ఉంది. ఎదుటి జట్టులో బాగా వేసే అమ్మాయిని డెలేనీకి అప్పజెప్పేవారు. ఆ అమ్మాయి ఆ పూట ఏమీ వేయలేకపోయేది. గ్రేలింగ్ కాలేజీలో ఒక ఎర్రజుట్టు పిల్ల ఉంది, కాన్ఫరెన్స్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు దానివే. దాన్ని ఆట రెండో సగమంతా డెలేనీ ఎటూ కదలనివ్వలేదు. చివరికి ఆ పిల్ల ఏడుపు మొహంతో బెంచీ మీదికి పోయింది. మా గ్యాలరీ ఊగిపోయింది. ఆర్విల్లా మాత్రం కూర్చునే, బూట్లు పక్కకి జరుపుతూ, తనలో తను ఏదో అనుకుంటోంది.

"ఏమంటున్నారు?" అని వంగాను.

"నా అడుగది" అంది. "చూడు. అచ్చం నా అడుగు."

అంత సంతోషం ఆమె ముఖంలో నేను చూడలేదు. ఆ సంతోషమే ఆ పిల్లని తీసుకుపోతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఫిబ్రవరిలో తట్టింది, ముందుగా గోర్డీకి. బస్సులో మెల్లగా అన్నాడు: "ఇలా ఆడితే ఈ పిల్ల మనకి మిగలదు. చిన్న కాలేజీల్లో బాగా ఆడినవాళ్లని సీజన్ అవగానే పెద్ద యూనివర్సిటీలు లాక్కెళ్లిపోతున్నాయి. ఇప్పుడు కాలేజీ మారడం చొక్కా మార్చినంత తేలిక."

"నోరు ముయ్" అంది ఆర్విల్లా. కానీ ఆ రోజు ఇంటికి వచ్చేదాకా కిటికీ బయటి మంచునే చూస్తూ కూర్చుంది.

కొంగలు నాలుగో స్థానంతో టోర్నమెంటుకి వెళ్లాయి. మళ్లీ గ్రేలింగ్‌తోనే. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. డెలేనీ ఆ ఎర్రజుట్టు పిల్ల చేతిలోంచి బంతి లాక్కుంది. ఆర్విల్లా "అదీ!" అని లేచి నిలబడింది. డెలేనీ ఒక్కతే బంతి నేలకి కొడుతూ గీత దాటి అవతలికి పరుగెత్తింది. అందరం లేచాం. బాస్కెట్ కిందికి వెళ్లి వేసింది. బంతి ఇనుప రింగు మీద ఒక చుట్టు తిరిగింది.

ఆర్విల్లా అప్పుడు కూడా ఇటువైపే, పిల్ల బంతి లాక్కున్న చోటే చూస్తోంది.

"పడిందా?" అంది.

నేను ఇంకా ఆ రింగు వైపే చూస్తున్నాను.

"వెండెల్, పడిందా?"

"లేదు."

గంట మోగింది. ఆమె కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. "లాక్కున్నది మాత్రం ఎంత శుభ్రంగా లాక్కుందో" అంది.

ఆ తర్వాతి వారం పక్క రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ కోచ్ నుంచి డెలేనీకి ఫోను వచ్చింది. చదువు మొత్తం ఉచితం, ఆ తర్వాత ఇంకో పెద్ద చదువు కూడా. టీవీలో వచ్చే ఆటలు. వాళ్లమ్మ లారీలోంచి ఫోన్ చేసి ఏడ్చిందట సంతోషంతో. వచ్చే ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

ఈ మాట డెలేనీ ఆదివారం ఆర్విల్లా ఇంట్లో గిన్నెలు కడుగుతూ మాకు చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు. "నేను వెళ్లట్లేదు" అని కూడా అదే గొంతుతో అంది.

"ఏం, పిచ్చి పట్టిందా?" అంది ఆర్విల్లా.

"ఇక్కడ బానే ఉంది కదా."

"ఏం బావుంది? ఆ జిమ్ పైకప్పు కారుతుంది. బన్నులు చద్దివి."

"ఆదివారం నీ దగ్గరికి ఎవరొస్తారు అమ్మమ్మా?"

"వెండెల్ వస్తాడు."

"వెండెల్ తిని పోతాడు. గిన్నెలు కడగడు."

"కడుగుతాను" అన్నాను.

"పోయిన నెల మెట్ల మీద జారి పడితే పొద్దెక్కేదాకా అక్కడే ఉన్నావ్. నేను వచ్చి లేపాను. అది ఇతనికి చెప్పావా?" అంది డెలేనీ.

నాకు చెప్పలేదు. ఆర్విల్లా తువ్వాలుతో బల్ల తుడవడం మొదలుపెట్టింది, తుడిచిన చోటే మళ్లీ.

"ఇంకొక్క ఏడాదే కదా" అంది డెలేనీ. "నీ దగ్గరే ఉంటాను. అయిపోయింది, ఇంక మాట్లాడకు."

పిల్ల హాస్టలుకి వెళ్లిపోయాక ఆర్విల్లా నన్ను కూర్చోమంది. కాఫీ పోసి ముందు పెట్టింది. తర్వాత అంది: "మా రోజుల్లో గీత మీద కాలు పడితే రెఫరీ ఈల వేసేవాడు. అందుకని ఆగేవాళ్లం. దీనికి ఎవరు ఈల వేస్తున్నారు, ఆగిపోవడానికి?"

నేను చదువుకున్నవాణ్ణి కాదు. పెద్దవాళ్లతో ఎలా చెప్పాలో తెలీదు. ఉన్నది ఉన్నట్టు అన్నాను.

"మీరే ఆర్విల్లా. మీరిక్కడ ఉన్నారని ఆగుతోంది."

ఆమెకి కోపం రాలేదు. నా ముఖం వైపు కాసేపు చూసి, "కాఫీ ఇంకా ఉంది, పోసుకో" అంది.

ఆ వారమంతా ఆమె మామూలుగానే ఉంది. బుధవారం కిరాణా కొట్టు దగ్గర కనిపించింది, బంగాళాదుంపలు ఏరుకుంటోంది, కొంచెమే. గురువారం గోర్డీతో దారిలో నిలబడి పోట్లాడింది. వచ్చే సీజన్ టిక్కెట్ల డబ్బు కట్టారా అని అతను అడిగితే, "నీ పని చూసుకో" అందట. అతను నవ్వుకుంటూ నాకు చెప్పాడు. నేనూ నవ్వాను.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి డెలేనీ అప్పటికే మెట్ల మీద ఉంది, బట్టల సంచీ పక్కన పెట్టుకుని. ఎండ కాస్తోంది, పైకప్పు అంచు నుంచి మంచు కరిగి కారుతోంది. తలుపు తాళం వేసి ఉంది. ఆ తలుపుకి తాళం వేయగా నేనెప్పుడూ చూడలేదు. తాళం చెవి ఆ ఇంట్లో ఉందన్న సంగతే నాకు తెలీదు.

"చర్చిలో ఆలస్యమైందేమో" అంది డెలేనీ.

"చర్చికి రాలేదు. నేను చూశాను."

కిటికీలోంచి చూశాం. వంటగది బల్ల ఖాళీ. పొయ్యి మీద ఏమీ లేదు. మెర్లిన్ కుర్చీ మీద దుప్పటి కప్పి ఉంది. డెలేనీ గబగబా ఇంటి చుట్టూ తిరిగొచ్చింది, పడిపోయి ఉందేమోనని, ప్రతి కిటికీ దగ్గరా అరుస్తూ. నేను తలుపుకి భుజం ఆనించాను విరగ్గొట్టడానికి. అప్పుడు పక్కింటావిడ బయటికొచ్చింది.

"పగలగొట్టకండి. ఆమె లేదు. పొద్దున అందరూ చర్చిలో ఉన్న టైముకి ఒక ట్రక్కు వచ్చింది, మిన్నెసోటా నంబరుది. వాళ్లక్క కొడుకట. రెండు పెట్టెలు ఎక్కించాడు. ఆమె ముందు కూర్చుంది. ఎక్కడికి అని అడిగాను, చెయ్యి ఊపింది అంతే."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?" అంది డెలేనీ.

"ఇల్లు అమ్మిపెట్టేవాళ్లు రేపు వచ్చి గుమ్మం ముందు అమ్మకం బోర్డు పాతుతారని ఆ అబ్బాయి అన్నాడమ్మా."

పక్కింటావిడ లోపలికెళ్లిపోయింది. డెలేనీ సెల్లు తీసి ఆర్విల్లా నంబరు నొక్కింది. లోపల, గోడకున్న ఫోను మోగడం మొదలైంది. ఆమెకి వేరే ఫోను లేదు. మేమిద్దరం మెట్ల మీద నిలబడి ఆ మోత వింటూ ఉన్నాం. డెలేనీ ఆపలేదు. అది మోగీ మోగీ దానంతట అదే ఆగింది.

"నాకు ఒక్క మాట చెప్పలేదు" అంది. "మూడేళ్లు, వెండెల్. ఒక్క మాట కూడా చెప్పకుండా ఎలా వెళ్తుంది?"

"చెబితే వెళ్లనిచ్చేదానివా?"

నా వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. ముఖం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. సంచీని ఒక్క తన్ను తన్నింది, బట్టలు తడి నేల మీద పడ్డాయి. అవి ఏరుదామని నేను వంగితే, "వదిలెయ్" అని అరిచి, తనే కూర్చుని ఒక్కొక్కటీ దులిపి సంచీలో పెట్టుకుంది. ఏడుస్తూనే పెట్టుకుంది. నేను పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

ఎండ గ్యారేజీ వెనక్కి వెళ్లేదాకా అలాగే ఉన్నాం. చలి మొదలైంది. ఆ పిల్ల ముక్కు చేత్తో తుడుచుకుని ఫోను మళ్లీ తీసింది. ఈసారి లోపల ఏమీ మోగలేదు.

"కోచ్ గారూ, నేను డెలేనీని" అంది. "ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు కదా."